పాకము పట్టని పట్టీలు

సాయంత్రము బడి వదలిన వేళ తిరువూరు, గంపలగూడెము, విస్సన్నపేట, ఎ.కొండూరు మండలములలోని ఏ గ్రామమునకైనను పోయి, చిల్లర దుకాణము ముందు పావుగంటసేపు నిలువబడి చూడుడు. పిల్లలు చిల్లర డబ్బులిచ్చి, మెరయు కాగితములో చుట్టిన చాక్లెట్టు పట్టీని కొని, నాలుగు కొరుకులలో ముగించి, కాగితము అక్కడనే పారవేసి పోవుదురు. ఆ కాగితము నొకదానిని తీసి చదువవలెను. అక్షరములు చిన్నవి, పెక్కు చోట్ల ఇంగ్లీషులో నుండును. మీకు కష్టమైనచో బడికి పోవు పిల్లవానిచేతనే చదివించుడు. అందులో వాడిన దినుసుల పేర్లను బరువునుబట్టి, ఎక్కువ వేసినది ముందు, తక్కువ వేసినది వెనుక వచ్చునట్లు అచ్చువేయవలెనని మన దేశమున నిబంధన కలదు. చాలవరకు మొదటి పేరు చక్కెర. తరువాత కోకో వెన్నయో, దానికి బదులుగా వేసిన వనస్పతి కొవ్వో, పాలపొడియో వచ్చును. వేరుశనగపప్పు ఆ తరువాత ఎక్కడనో కనబడును.

ఆ వేరుశనగ మన రైతు పండించినదే. బస్తాలలెక్కన అమ్మి, నాలుగు పలుకులను చక్కెరతో కలిపి రంగు కాగితములో మరల కొనుచున్నాము. కావున అటువంటి పట్టీని ఇంటిలోనే, కాల్చు పొయ్యి లేకుండ, పాకము పట్టు శ్రమ లేకుండ చేసికొన వీలున్నదా యని అడుగు తల్లులకు ఈ వ్యాసము వ్రాయుచున్నాము. వీలున్నది. అది అంగడిదానికంటె మేలైనదా యను రెండవ ప్రశ్నకు మాత్రము అంత తేలికగా అవునని చెప్పజాలము. ఇంట చేసినంతమాత్రమున ఏ తినుబండారమును ఆరోగ్యకరము కాదు. అందులో వేయు గింజ ఎటువంటిది, బెల్లము ఎంత, ముక్క ఎంత పెద్దది అను మూడు సంగతులనుబట్టి యుండును.

పాకము లేని మిఠాయి మనకు క్రొత్తది కాదు. నాగులచవితినాడు పుట్టకు తీసికొనిపోవు చిమ్మిలి అటువంటిదే. నువ్వులు, బెల్లము రోటిలో వేసి దంచినచో నువ్వులలోని నూనె పైకి వచ్చి, బెల్లము దానిలో మెత్తబడి, రెండును తమంత తామే ముద్ద కట్టును. నీరు అక్కరలేదు, పాకము అక్కరలేదు. సున్నుండలును ఇట్టివే, వేయించిన మినుముల పిండి, బెల్లము, నేయి కలిపి చుట్టుటతో సరి. తిరునాళ్ళలో అమ్ము జీళ్ళకు, అచ్చులకు మాత్రము ముదురుపాకము కావలెను. చిన్నపిల్లలున్న యింట ముదురుపాకము ప్రమాదకరమైనది. కాగిన పాకము చేతిపై పడినచో నీటివలె జారిపోక చర్మమునకు అంటుకొని లోతుగా కాల్చును. చిమ్మిలిని ఉండగా చుట్టుటకు బదులు పళ్ళెములో అదిమి పట్టీలుగా కోసినచో పిల్లలడుగు చాక్లెట్టు పట్టీ రూపమే వచ్చును. పిల్లలు రూపమును చూచి మోసపోవుదురని పెద్దలు నవ్వవచ్చును గాని, పట్టీగా కోసినచో కొలత తెలియుననునది అసలు లాభము. ఉండలు చుట్టు చేయినిబట్టి పెద్దవి చిన్నవి యగుచుండును.

గింజను ఏరుట

చేయు విధానమునకు పోవుటకు ముందు ఒక అలవాటును గూర్చి నిర్మొగమాటముగా చెప్పవలసియున్నది. మన ఇండ్లలో కాయ ఒలిచిన తరువాత నిండు పప్పును అమ్మకమునకు కట్టి, ముడుచుకొనినవి, పగిలినవి, నల్లబడినవి ఇంటి వాడకమునకు అట్టిపెట్టుదురు. చట్నీకి, ఉండలకు ఇవి చాలులెమ్మందురు. బెల్లము కలిపినచో చేదు తెలియదనియు అందురు. ఇది పొదుపుగా కనబడును. నిజమునకు ఇంటిలో అందరికంటె చిన్నవానికి అన్నిటికంటె చెడ్డ గింజను పెట్టుటయే యగుచున్నది.

ముడుచుకొనిన, పగిలిన, రంగు మారిన గింజలలోనే బూజు చేరుట ఎక్కువ. వేరుశనగను పట్టు బూజులలో ఆస్పర్జిల్లస్ ఫ్లేవస్ అనునది ముఖ్యము. పసుపుపచ్చ కలిసిన ఆకుపచ్చ పొడివలె నుండును. అది ఆఫ్లాటాక్సిన్ అను విషమును పుట్టించును. 1960లో ఇంగ్లండు దేశమున లక్షకు పైగా సీమకోళ్ళు కారణము తెలియక చనిపోయినవి. వెదుకగా బ్రెజిలునుండి తెచ్చిన వేరుశనగ పిండి మేతలో ఈ విషము బయటపడినది. ఈ విషమునకు పేరు పెట్టుట ఆ తరువాతనే జరిగినది. ఇది కాలేయమును పాడుచేయును. కొద్దికొద్దిగా ఏండ్ల తరబడి లోపలికి పోయినచో కాలేయమున పుట్టు పుండునకు దారితీయును. పచ్చకామెర్ల బి రకము సోకినవారికి ఈ అపాయము మరింత ఎక్కువ.

రైతులు తెలిసికొనవలసిన సంగతి మరియొకటి కలదు. ఈ విషము వేయించినంత మాత్రమున పోదు. నిప్పు మీద బూజు చచ్చును. విషము కొంత తగ్గినను మిగిలియుండును. మసాలా, ఏలకులు, బెల్లము దాని వాసనను కప్పును గాని దానిని తీసివేయవు. గింజను కంటితో చూచి, చేతితో ఏరి పారవేయుటయే ఇంటిలో చేయదగిన మంచి ఉపాయము. విషము బస్తా అంతటను సమానముగా పరచుకొని యుండదు. కొద్ది గింజలలోనే పోగుపడి యుండును. అందుచేతనే ఏరుటవలన ఇంత మేలు కలుగుచున్నది.

పప్పును చేటలో పలుచగా పోసి, పగటి వెలుతురులో కూర్చుండి ఏరవలెను. పైపొర నల్లబడినది, పచ్చని మచ్చ కలది, పురుగు తొలిచినది, ముడుచుకొనినది, తేలికగా నున్నది తీసివేయవలెను. వేయించి పొట్టు తీసిన తరువాత మరియొకసారి చూడవలెను. పొట్టు క్రింద దాగిన మచ్చ అప్పుడు బయటపడును. నోట వేసికొనగా చేదుగా నున్నది ఉమ్మివేయవలెను; మ్రింగరాదు. ఏరిన చెడ్డ గింజలను ఏమి చేయవలెనని అడుగుదురు. గేదెకు పెట్టరాదు. పాలిచ్చు పశువు ఈ విషమును తిన్నచో కొంత మార్పుతో పాలలోనికి వచ్చును, ఆ పాలు మరల పిల్లవానికే చేరును. కోళ్ళకును పెట్టరాదు. గానుగకు పంపుటయు తప్పే. గోతిలో పూడ్చవలెను.

పొలములో తీసికొనవలసిన జాగ్రత్తలు వేరుగా వ్రాయదగినవి. ఇక్కడ ముఖ్యమైనవే చెప్పుదుము. కాయ ఊరు కాలమున నీటి ఎద్దడి కలిగినచో బూజు నేలలోనే పట్టును గనుక వీలున్నవారు ఆ సమయమున ఒక తడి ఇయ్యవలెను. పీకిన మొక్కలను కాయలు పైకి వచ్చునట్లు తిరగవేసి ఎండబెట్టవలెను. తేమ నూటికి 9 పాళ్ళకంటె తగ్గువరకు ఎండవలెను. కాయను చెవివద్ద ఊపిన గింజ గలగలలాడుట దీనికి గుర్తు. పార దెబ్బ తగిలి పగిలిన కాయలను వేరుచేయవలెను. బస్తాలను నేలమీద గాక చెక్కలపై, గోడకు తగులకుండ పేర్చవలెను. ఇంటికి కావలసినది కాయగానే దాచి ఎప్పటికప్పుడు ఒలుచుకొనుట మేలు. అంగడిలో పప్పు కొనువారు పొడిచేసినది, ముక్కలైనది కొనక నిండు పప్పునే కొనవలెను.

చేయు విధానము

ఏరిన వేరుశనగపప్పు 250 గ్రాములు, నువ్వులు 100 గ్రాములు, బెల్లము 150 గ్రాములు, ఉప్పు చిటికెడు, ఏలకులు రెండు. ఇంతే.

వేరుశనగపప్పును మందపాటి మూకుడులో సన్నని సెగపై పన్నెండు, పదిహేను నిమిషములు కదుపుచు వేయించవలెను. సెగ పెంచినచో పైన మాడి లోపల పచ్చిగా నుండును. అట్టి పప్పుతో చేసిన పట్టీ త్వరగా ముక్కిపోవును. పూర్తిగా చల్లారిన తరువాత పొట్టు నలిపి చెరిగివేయవలెను. నువ్వులను మూడు నాలుగు నిమిషములు, చిటపటలాడువరకు వేయించిన చాలును. పొయ్యి పని ఇంతటితో ముగిసినది.

బెల్లము విషయమున ఒక జాగ్రత్త అవసరము. పాకము పట్టునప్పుడు బెల్లమును నీట కరగించి వడగట్టుదుము; ఇసుక, పీచు గుడ్డలో నిలిచిపోవును. ఇక్కడ వడగట్టుట లేదు. కావున శుభ్రమైన బెల్లమునే వాడవలెను. చిన్న ముక్కను గ్లాసెడు నీటిలో కరగించి అడుగున ఏమి తేరుకొనునో ముందుగా చూచుకొనవలెను. పసుపుపచ్చగా మెరయు బెల్లము మంచిదనుకొనుట పొరపాటు. రంగు కొరకు హైడ్రోసు వంటి మందులు విపరీతముగా వేసినచో అట్లు మెరయును. ముదురు గోధుమరంగు బెల్లము చూపునకు అంత బాగుండదు గాని పిల్లలకు అదియే తగినది.

రోలు ఉన్నవారు ముందు నువ్వులను బెల్లముతో కలిపి దంచి, మెత్తబడిన తరువాత వేరుశనగపప్పు వేసి బరకగా ఉండునట్లు నాలుగు పోట్లు వేయవలెను. మిక్సీ వాడువారు ఆపి ఆపి తిప్పవలెను; విడువక తిప్పినచో నూనె కారి ముద్ద జిగటగును. పప్పు సగము నలిగి సగము పలుకులుగా నుండుటయే రుచి. మిశ్రమమును పిడికిట పట్టి నొక్కిన విడిపోకుండ నిలువవలెను. నిలువనిచో ఒక చెంచా నేయి వేయవలెను గాని నీరు ఎంత మాత్రము చల్లరాదు. నీరు తగిలిన పట్టీకి మూడవనాడే బూజు పట్టును.

నేయి రాచిన పళ్ళెములో పోసి, గిన్నె అడుగుతో గట్టిగా అదిమి, వ్రేలిమందము చేసి, ఒక గంట ఉంచి చాకుతో ఇరువది ముక్కలుగా కోయవలెను. ఒక్కొక్కటి 25 గ్రాములు తూగును. పొడి డబ్బాలో, తడిచేయి పెట్టకుండ, వేసవిలో రెండు వారములు, వానకాలమున వారము పది దినములు నిలువ యుండును. ముక్కిన వాసన వచ్చినదానిని పారవేయవలెను.

ఈ ముక్కలో ఏమున్నదో లెక్క చూతము. పప్పు 12 గ్రాములకు మించి, నువ్వులు 5 గ్రాములు, బెల్లము ఏడున్నర గ్రాములు. మాంసకృత్తులు సుమారు 4 గ్రాములు, శక్తి 125 కాలరీల మేర వచ్చును. నువ్వులవలన సున్నపు ధాతువు 60 మిల్లీగ్రాములవరకు చేరును. అయితే నువ్వుల పొట్టులో నుండు ఆక్సలేటు కారణముగా అందులో కొంతయే ఒంటికి పట్టును. అదే బరువుగల పాల చాక్లెట్టులో సుమారు సగము చక్కెరయే యుండును. మన ముక్కలో చక్కెర ఆరున్నర గ్రాములు. తేడా ఇక్కడ నున్నది. పప్పుతో సమానముగా బెల్లము పోయు పాత లెక్కన చేసినచో ఈ తేడా చాలవరకు చెరిగిపోవును.

బెల్లమును గూర్చిన భ్రమ

చక్కెర చెడ్డది, బెల్లము మంచిది అను మాట ఊరూర వినబడుచున్నది. బెల్లములో కొద్దిగ ఇనుము, పొటాషియము ఉన్నమాట నిజమే. కాని నూటికి 80 పాళ్ళకు మించి అదియు చక్కెరయే; పంటికి, రక్తమునకు రెండును ఒకటే. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో ఇచ్చిన సలహా ప్రకారము తినునట్టి శక్తిలో చక్కెర పదవ వంతు మించరాదు. అందులో సగమునకు, అనగా పెద్దవారికి దినమునకు 25 గ్రాముల మేరకు తగ్గించుట మరింత మంచిది. బెల్లము, తేనె కూడ ఈ లెక్కలోనివే. పిల్లలకు ఇంకను తక్కువ. రెండు పూటలు తీపి టీ త్రాగు పిల్లవానికి ఆ పైన మూడు పట్టీలు పెట్టినచో హద్దు దాటినట్లే.

రక్తహీనతకు బెల్లము మందు అనుటయు ఇట్టిదే. మన దేశమున ఆరు నెలలనుండి అయిదేండ్ల లోపు పిల్లలలో నూటికి 67 మందికి, 15 నుండి 49 ఏండ్ల స్త్రీలలో 57 మందికి రక్తము తక్కువగా నున్నదని 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే తెలిపినది. ఇంత పెద్ద లోటును బెల్లపు ముక్క తీర్చజాలదు. ఆకుకూరలు, పప్పులు, గ్రుడ్లు, మాంసము తినువారికి మాంసము, వైద్యుడిచ్చు ఇనుము మాత్రలు కావలెను. పట్టీతోపాటు ఒక జామకాయ ఇచ్చినచో అందలి సి విటమిను నువ్వులలోని ఇనుము ఒంటబట్టుటకు తోడ్పడును. ఆ వెంటనే టీ ఇచ్చినచో ఆ మేలు తగ్గును.

కోకోతో, ఖర్జూరముతో, తాండ్రతో

చాక్లెట్టు రుచియే కావలెనని మారాము చేయు పిల్లలుందురు. వారి కోరిక కానిది కాదు. కోకో అమెరికా ఖండపు అడవి చెట్టే గాని, నేడు మన పొరుగున పశ్చిమ గోదావరి, ఏలూరు జిల్లాల కొబ్బరి తోటలలో అంతరపంటగా విరివిగా పండుచున్నది. దేశములో కోకో పంటకు ఆంధ్రప్రదేశ్‌దే మొదటి స్థానము. కాయలోని గింజలను కొన్ని దినములు పులియబెట్టి, ఎండబెట్టి, వేయించి, కొవ్వు పిండి పొడి చేయుదురు. కొనునప్పుడు చక్కెర కలుపని కోకో పొడినే అడిగి తీసికొనవలెను. పాలలో కలుపుకొను చాక్లెట్టు పొడులలో కోకోకంటె చక్కెరయే హెచ్చు.

గింజ తీసిన మెత్తని ఖర్జూరము 200 గ్రాములు, వేయించిన వేరుశనగపప్పు 150 గ్రాములు, పుట్నాలపప్పు 50 గ్రాములు, కోకో పొడి 15 గ్రాములు. ఖర్జూరమును నలిపి ముద్ద చేసి, కోకో కలిపి, బరకగా దంచిన పప్పులు చేర్చి ముందువలెనే అదిమి పదహారు ముక్కలు చేయవలెను. బెల్లము వేయలేదు గనుక చక్కెర లేని పట్టీ యని దీనిని కొందరు పొగడుదురు. అది సరికాదు. ఒక్కొక్క ముక్కలో ఖర్జూరపు చక్కెర 8 గ్రాముల మేర కలదు. పీచు ఉండుట మేలే, కాని మధుమేహము కలవారు దీనిని గూర్చి ధైర్యపడరాదు. ఎండు ఖర్జూరము ఇందుకు పనికిరాదు. దంచిన పొడి యగును గాని ముద్ద కట్టదు.

మామిడి తోటలున్న ఈ ప్రాంతమున తాండ్రను మరువరాదు. మే నెలలో రసముల ధర పడిపోయి, కోత కూలి గిట్టని దినములు వచ్చును. బాగుగా పండిన పండ్లను కడిగి, రసము తీసి, పీచు వడగట్టి, ఒక పొంగు రానిచ్చి చల్లార్చవలెను. నూనె రాచిన పళ్ళెములో అట్టు మందమున పోసి, పలుచని గుడ్డ కప్పి ఎండబెట్టవలెను. మరునాడు దానిపై మరియొక పొర. అయిదారు పొరలైన తరువాత వ్రేలికి అంటకున్నచో తాండ్ర సిద్ధమైనట్లే. కార్బైడుతో మగ్గబెట్టిన కాయను వాడరాదు. ఆ పద్ధతి చట్టరీత్యా నిషిద్ధము, పైగా అట్టి పండునకు రుచియు ఉండదు. చక్కెర కలుపకుండ చేసిన ఈ తాండ్ర 60 గ్రాములు సన్నగా తరిగి, మొదట చెప్పిన పట్టీలో బెల్లము 100 గ్రాములకు తగ్గించి కలుపవలెను. పులుపు తీపి కలిసి, మా అభిప్రాయమున మూడింటిలో ఇదియే రుచికరమైనది.

రాగిపిండితో చేయగోరువారు పచ్చిపిండి వాడరాదు. కమ్మని వాసన వచ్చువరకు నేతిలో వేయించి, చల్లారిన తరువాత బెల్లము కలుపవలెను.

ఎవరికి పెట్టరాదు

అయిదేండ్ల లోపు పిల్లలకు పలుకులుగా నున్న పప్పు ప్రమాదము. గొంతున అడ్డుపడి ఊపిరి ఆగవచ్చును. వారికి పూర్తిగా మెత్తగా నూరినదే చిన్న ముక్కగా, కూర్చుండబెట్టి పెట్టవలెను. వేరుశనగ తిన్నంతనే దద్దురు, పెదవుల వాపు, ఆయాసము కలిగిన పిల్లవానిని వెంటనే ఆసుపత్రికి తీసికొనిపోవలెను. మరల వేరుశనగ పెట్టరాదు.

ఎ.కొండూరు మండలపు తండాలలో మూత్రపిండముల వ్యాధితో బాధపడువారు పలువురు కలరు. వారి ఇండ్లలో ఈ పట్టీలు చేయువారు ప్రత్యేకముగా గమనింపవలెను. వేరుశనగ, నువ్వులు, ఖర్జూరము, బెల్లము, కోకో — వీటిలో పొటాషియమో, భాస్వరమో, రెండునో ఎక్కువగా నుండును. మూత్రపిండములు చెడినవారు వాటిని విసర్జింపలేరు. పొటాషియము రక్తమున హెచ్చినచో గుండె ఆగునంతటి ప్రమాదము కలదు. బలము వచ్చునని ప్రేమతో పెట్టిన ముక్క అపకారము చేయవచ్చును గనుక, వైద్యుని అడుగనిదే వారికి ఈ పట్టీలు ఇయ్యరాదు.

గ్రామోద్యోగులకు ఒక మాట. మన రాష్ట్రపు బడులలో మధ్యాహ్న భోజనముతోపాటు చిక్కీ ఇచ్చుట 2020 జనవరిలో మొదలైనది. మీ బడికిగాని, అంగన్‌వాడీకిగాని వేరుశనగ మిఠాయి వచ్చినప్పుడు పెట్టెపై తేదీ చూచి, ఒక ముక్క విరిచి వాసన చూచి, నేలకు తగులని పొడి చోట ఉంచునట్లు చూడవలెను. వానకాలమున ఈ తనిఖీ వారమున కొకసారి అవసరము. మహిళా సంఘములవారు పట్టీలు చేసి అమ్మదలచినచో ఆహార భద్రత చట్టము క్రింద ముందుగా నమోదు కావలెను. దరఖాస్తు నింపుటలో వారికి మీరు సాయపడవచ్చును. నిలువచేయుట, పొట్లము కట్టుటలను గూర్చి గరికపాడు కృషి విజ్ఞాన కేంద్రమువారిని సంప్రదించవచ్చును. పొట్లముపై చేసిన తేదీని, వేసిన దినుసుల పేర్లను తెలుగులో, బరువు వరుసన వ్రాయించుడు. అందులో మొదటి పేరు వేరుశనగపప్పు కావలెను.